“ఏమీ లేదు” అను మాట

మన ఇండ్లలో దినమునకు ఎన్నిసార్లు వినబడునో లెక్కింపజాలని మాట యొకటి కలదు. అది “ఏమీ లేదు” అను మాట. ముఖము వాడినదేమని తల్లి అడుగును. ఏమీ లేదని బిడ్డ బదులిచ్చును. అంతటితో ప్రశ్నయు ముగియును, సమాధానమును ముగియును. అడిగినవారు అడిగితిమి గదా యని తృప్తిపడుదురు. చెప్పినవారు గండము గడిచినదని ఊపిరి పీల్చుకొందురు. ఇంత చిన్న మాటను గూర్చి వ్యాసము వ్రాయవలసి వచ్చునని మేమెన్నడును తలంపలేదు. 14 నిమిషముల లఘుచిత్రమొకటి తీయబూనుటచేత ఆ అవసరము మాకు కలిగినది.

మేమనగా షోలాపురమున పూర్వభాగమని పిలువబడు పేటలలో పుట్టి పెరిగిన కళాశాల విద్యార్థులము నలుగురము, మాకు బాసటగా నిలిచిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు, వెరసి ఐదుగురము. ఈ వ్యాసమును అందరమును కూర్చుండి వ్రాసితిమి. ఏ వాక్యము ఎవరిదో విడదీసి చెప్పుట ఇప్పుడు మాకే సాధ్యము కాదు. భాషలోని పాతదనము మాత్రము ఉపాధ్యాయులవారిదని చదువరులు తామే గ్రహింపగలరు.

బరంపురమునను, బెంగుళూరునను, చెన్నపట్టణమునను, యానామునను ఉన్న మన తెలుగు కుటుంబములవారికి షోలాపురమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1877లో ఇచ్చట మొదటి నూలుమిల్లు వెలసినది. ఆ మిల్లులును, అటు తరువాత మరమగ్గములును పని చూపగా తెలంగాణపు నేతపల్లెల నుండి పద్మశాలి కుటుంబములు తరలివచ్చి, తరతరములుగా ఇక్కడనే నిలిచిపోయినవి. షోలాపురపు చద్దరును ఎరుగని ఇల్లు లేదు. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మగవారు మగ్గముల మీదను, ఆడువారు చేట ఒడిలో పెట్టుకొని తునికాకు చుట్టుచును సంసారములను ఈడ్చుకొని వచ్చిరి. నారళీ పౌర్ణమినాడు మార్కండేయస్వామి రథము వీథులలో కదలునప్పుడు చూచినచో ఇది మహారాష్ట్రమా, తెలుగునాడా అని కొత్తవారికి భ్రమ కలుగును. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఫోనులో ఇంగ్లీషు: ఈ నాలుగింటి నడుమ మా పిల్లలు పెరుగుదురు. భాషల ప్రసక్తి ముందు మరల రానున్నది గనుక ఇక్కడ చెప్పి ఉంచుచున్నాము.

మా చిత్రమునకు మూలము మా స్నేహితురాలి అనుభవము. ఆమె పేరు చెప్పము. ఆమెను గుర్తుపట్టుటకు వీలగు వివరములన్నిటిని మార్చితిమి. తమ ఇంటిలో కళాశాల మెట్టెక్కిన మొదటి మనిషి ఆమె. మాలో అందరికంటె ఎక్కువగా నవ్వునదియు, నవ్వించునదియు ఆమెయే. పాఠము చెప్పువారి నడకను, దగ్గును, సుద్దముక్క వెదకుకొను తీరును ఆమె అనుకరించి చూపుచుండగా మేము కడుపు పట్టుకొని నవ్వెడివారము. అట్టి మనిషి రెండవ సంవత్సరమున సుమారు ఎనిమిది నెలలు కుంగుబాటు వ్యాధితో బాధపడినది. ఆ ఎనిమిది నెలలును ఆమె కళాశాల మానలేదు, పండుగలు మానలేదు, నవ్వుటయు మానలేదు. మాలో ఒక్కరికిని తెలియలేదు. తరువాత ఎప్పుడో ఆమెయే చెప్పినప్పుడు మాకు మొదట కలిగినది జాలి కాదు. నిజము చెప్పవలెనన్న అది కోపము: మాకు చెప్పలేదేమని. ఆ కోపము సిగ్గుగా మారుటకు కొంతకాలము పట్టినది. చిత్రము తీయవలెనను తలంపు ఆ సిగ్గు నుండి పుట్టినది.

మొదటి ప్రతిలో వ్రాసుకొన్న కథ ఇది. ఒక అమ్మాయి పదిమందిలో నవ్వుచుండును. ఇంటికి వచ్చి, స్నానాలగది తలుపు గడియ వేసికొని, అద్దము ముందు నిలిచి, ముఖము మీది నవ్వును తుడిచివేసి, కొళాయి విప్పి ఏడ్చును. కెమెరా ఆమె కన్నీటికి బెత్తెడు దూరమున నిలిచి చూచును. ఈ విషయము మీద వచ్చు చిత్రములలో ఇట్టి ఘట్టము లేనిది అరుదు. మేమును అట్లే వ్రాసి, బాగుగా వ్రాసితిమని మురిసిపోతిమి.

తల్లి పాత్రకు మా వాడకట్టులోని పెద్దమ్మ నొకామెను ఒప్పించితిమి. నలువది ఏండ్లుగా బీడీలు చుట్టిన మనిషి, నటన ఎరుగదు. మేము కథ చదివి వినిపించుచుండగా చేటలోని ఆమె చేతులు ఆగలేదు. స్నానాలగది ఘట్టము వచ్చినప్పుడు మాత్రము ఆగినవి.

“అప్పుడు నేనెక్కడున్న?” అని అడిగినది.

“మీరు బయట వంట చేస్తుంటరు, పెద్దమ్మా.”

“మరి తలుపేసుకున్నది గదా. నాకు కనపడనిది చూసేటోళ్లకెట్ల కనపడుతది? ఊరందరికి తెలిసి తల్లినైన నాకు తెల్వకపోతే నన్నే తిట్టుకుంటరు గదా, బిడ్డా.”

మా యొద్ద జవాబు లేకపోయినది. ఆ సాయంకాలము మేము మరి ఏ పనియు చేయలేదు. పెద్దమ్మ తన పాత్రకు చెడ్డపేరు వచ్చునని భయపడినదని మొదట అనుకొంటిమి గాని, ఆలోచించిన కొలది ఆమె మా కథలోని అన్యాయమును వేలుపెట్టి చూపినదని తెలిసినది. మూసిన తలుపు వెనుకకు కెమెరా పోగలదు. లోకములో మరి ఎవ్వరును పోజాలరు. అట్లు పోయి తెచ్చిన రహస్యమును మేము ప్రేక్షకుని చేతిలో పెట్టుచున్నాము. వాడు దానిని పట్టుకొని కుర్చీలో కూర్చుండి, ఇంత దుఃఖము కనబడుచుండగా ఈ తల్లి గ్రుడ్డిదా అని తీర్పు చెప్పును. తల్లికి కనబడినది నవ్వుముఖము మాత్రమే యని వానికి తోచదు. అంతకంటె పెద్ద హాని మరియొకటి కలదు. అట్టి చిత్రము చూచి ఇంటికి పోయినవాడు తన బిడ్డ ముఖమున కన్నీటికై వెదకును. కన్నీరు కనబడదు. మన ఇంటిలో ఆ బాధ లేదని నిశ్చింతగా నిద్రపోవును. కనబడని దుఃఖమును గూర్చి హెచ్చరింపబూని, దుఃఖము కనబడి తీరునని నేర్పినవారమగుదుము.

అందుచేత ఒక నియమము పెట్టుకొంటిమి. తల్లి లేని చోటికి కెమెరా పోరాదు. తల్లి కన్నులకు అందనిదేదియు ప్రేక్షకునకు చూపరాదు. ఈ నియమముతో పని పదింతలు కష్టమైనది. ఉన్నదానిని చూపుట కెమెరాకు తేలిక. తగ్గిపోయినదానిని చూపుట ఎట్లు? కంచములో సగము మిగిలిన రొట్టె ఒకనాడు కనబడినచో దానికి అర్థమేమియు లేదు. వారము దినములు కనబడినచో ఉన్నది. 14 నిమిషములలో వారమునెట్లు చూపుదుము? తలకు నూనె రాచుకొనుట మానినది. కొబ్బరినూనె సీసాలోని మట్టము మూడు దృశ్యములలోను ఒకటే. అంట్లు తోముచు కూనిరాగము తీయు అలవాటు పోయినది; అయితే లేని పాటను ఎవరు విందురు? మరమగ్గముల చప్పుడు మా పేటలలో రాత్రింబవళ్లు ఆగదు. శబ్దగ్రహణము చూచుచున్న మాలోని యువకుడు ఆ చప్పుడుతో విసిగిపోయి, వేరొక పేటలో తీయుదమని పట్టుబట్టినాడు. ఒకనాడు చిత్రీకరణ నడుమ కరెంటు పోయినది. మగ్గములన్నియు ఒక్కసారిగా ఆగినవి. ఆ నిశ్శబ్దములో ఇరుగింటి ముసలివాని దగ్గు, వీథి చివర పాలగిన్నె మూత, అన్నియు వినబడినవి. ఈ చప్పుడులో ఎవరైనను ఏడ్చినచో వినబడునా అని మాకప్పుడు తట్టినది. చిత్రములో ఆ కరెంటు పోవుటను ఉంచితిమి. తల్లి తలుపవతలి ఏడుపును మొదటిసారి విన్నది అప్పుడే.

రెండవ దిద్దుబాటు మా స్నేహితురాలు చేసినది. సగము కూర్చిన చిత్రమును ఆమెకు చూపితిమి. “నవ్వు ముసుగు” అను అర్థము వచ్చునట్లు మేము ఒక మాట పెట్టియుంటిమి. ఆమె దానిని తీసివేయుమన్నది. “నేను నవ్వినప్పుడు నిజంగనే నవ్విన. నా నవ్వుని దొంగను చెయ్యకండి” అన్నది.

మాకు ఇది మ్రింగుడు పడలేదు. లోకమంతయు చెప్పునది ముసుగు కథయే గదా. రాబిన్ విలియమ్స్ అను అమెరికా హాస్యనటుడు 2014 ఆగస్టు 11న ప్రాణము తీసికొన్నప్పుడు, నవ్వు వెనుక దాగిన దుఃఖమని దేశదేశముల పత్రికలు వ్రాసినవి. తరువాత శవపరీక్షలో ఆయన మెదడు నిండ లూయీ బాడీ అను వ్యాధి వ్యాపించియున్నట్లు తేలినది. అనగా ముసుగు కథ ఎంత అందముగా నున్నను ఆయన విషయమున అది సగపు సత్యమైనను కాదు. నవ్వించువాడు లోపల ఏడ్చుచుండునని అనుకొనుటలో మనకొక సుఖము కలదు. పజిలు ముక్కలు కుదిరినట్లుండును. మనుష్యుడు ఒకే దినమున నవ్వగలడు, ఏడ్వగలడు, రెండును నిజమై యుండగలవు. మా స్నేహితురాలు అడిగినది అంతమాత్రమే. ఆ ఎనిమిది నెలలలో ఆమెకు మిగిలిన కొద్దిపాటి ఆస్తి ఆ నవ్వు. దానిని కూడ రోగలక్షణముల జాబితాలో వ్రాయు హక్కు మాకెవ్వరిచ్చిరి? ఆ మాటను తీసివేసితిమి.

అయినను ప్రశ్న మిగిలినది. నవ్వు అబద్ధము కాకపోవచ్చును. “ఏమీ లేదు” అనుట అబద్ధము కాదా?

ఉపాధ్యాయులవారు ఇక్కడ భరతముని నాట్యశాస్త్రమును తెచ్చిరి. అందు చెప్పబడిన ముప్పదిమూడు వ్యభిచారి భావములలో నిర్వేదము, దైన్యము, విషాదము వంటివి గలవు. వాటి నడుమనే “అవహిత్థ” అను భావమొకటి గలదు. లోపలి భావమును బయటికి తెలియకుండ కప్పిపుచ్చుటయే అది. విషాదమును అభినయించుట యొక విద్య, విషాదమును దాచుటను అభినయించుట మరియొక విద్య యని ఆ ముని ఎరుగును. అవహిత్థకు కారణములుగా ఆయన లజ్జను, భయమును, పరాజయమును, గౌరవమును, కపటమును చెప్పినాడు. దాని గుర్తులేమనగా, మాట మార్చుట, చూపు తిప్పుకొనుట, చెప్పుచున్న కథను నడుమ త్రెంచుట, లేని ధైర్యము తెచ్చిపెట్టుకొనుట. మా నటికి ఇంతకంటె మేలైన శిక్షణను మేము ఇచ్చియుండలేము. మమ్ములను ఆపినది మాత్రము ఆ కారణముల పట్టికలోని నాలుగవది. గౌరవము! పెద్దల యెడ మన్ననచేత బిడ్డ తన బాధను దాచును. మన ఇండ్లను ఎరిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు. వేయి బీడీలు లెక్కకు తేలువరకు వీపు ఎత్తని తల్లి ముందు, రాత్రి పాళీ చేసి వచ్చి చెవులలో మగ్గపు హోరుతోనే నిద్రపోవు తండ్రి ముందు, నా మనసు బాగుగా లేదని చెప్పుటకు ఏ బిడ్డకు నోరు వచ్చును? వారి కష్టమునకు పేరున్నది, కూలియున్నది. తన కష్టమునకు కారణమైనను లేదు.

1797లో బెంజమిన్ కాన్‌స్టాంట్ అను ఫ్రెంచి రచయితకును జర్మను తత్త్వవేత్త కాంటునకును అసత్యమును గూర్చి వాదము జరిగినది. సత్యమును పొందు హక్కు గలవానికే సత్యము చెప్పవలసిన విధి యున్నదని కాన్‌స్టాంట్ వాదించెను. అట్టి మినహాయింపు ఏదియు లేదని కాంటు బదులు చెప్పెను. తల్లికి బిడ్డ దుఃఖము మీద హక్కున్నదా? ఉన్నదని మాలో ఇద్దరు, లేదని ఇద్దరు. ఉపాధ్యాయులవారు ఎటును చెప్పక యోగవాసిష్ఠమును గుర్తుచేసిరి. దాని మొదటి ప్రకరణమున రాముడు ఇంకను పదునారేండ్లు నిండని బాలుడు. తీర్థయాత్రల నుండి తిరిగివచ్చి క్రమముగా చిక్కిపోవును. అన్నము సహింపదు, ఆటలు పట్టవు. దశరథుడు ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీ చింత ఏమని బుజ్జగించి అడుగును. తనకు దుఃఖమేమియు లేదని తండ్రితో చెప్పి రాముడు మౌనము వహించును. అనగా మన ఇండ్లలోని మాటయే. అనంతరము విశ్వామిత్రుడు వచ్చినప్పుడు, కుమారుని స్థితిని సభకు విన్నవించినవారు ఆయనకు నిత్యము సేవచేయు పరిచారకులు. భోజనపు పళ్లెరము ఎట్లు తిరిగివచ్చుచున్నదో వారికి తెలియును. ఒడిలో పలుకని రాముడు విశ్వామిత్రుడు అడుగగా నిండుసభలో గుండె విప్పి చెప్పును; ఆ చెప్పినది అనేక సర్గలు నిండియున్నది. రామునిది వివేకముచే కలిగిన వైరాగ్యమని ఋషులు మెచ్చుకొనిరి. దానిని మన కాలపు రోగముతో కలిపివేయుట మా ఉద్దేశము కాదు. మాకు కావలసినది ఆ ఇంటి తీరు. దశరథునికంటె ప్రేమించిన తండ్రి ఎవడు? ఆ ప్రేమయే అడ్డము వచ్చినది. ఎవరికి చెప్పినారన్నది ఎవరిని ఎక్కువ ప్రేమించినారనుటకు కొలబద్ద కాదు.

ఇంత చర్చయు స్నేహితురాలి ముందు పెట్టితిమి. ఆమె ఓపికగా విని, “మీరంత పెద్దగ ఆలోచించిన్రు గని, నేను అబద్ధం చెప్పనే లేదు” అన్నది. “అమ్మ ఏమైందే అని అడిగినప్పుడు లోపల చూసుకున్న. ఏం లేకుండె. ఏడుపు గూడ లేకుండె. ఏం లేదు అన్న.”

మేము నిశ్చేష్టులమైతిమి. భరతుడు, కాంటు, కాన్‌స్టాంట్ అందరును అవసరము లేనివారైరి. ఆమె తన స్థితిని అక్షరము తప్పకుండ చెప్పినది. సంతోషమునందును, రుచియందును, మనుష్యులయందును ఆసక్తి ఇంకిపోవుటయే ఈ వ్యాధి ముఖ్యలక్షణములలో ఒకటి. అది రెండు వారములకు మించి విడువక నిలిచినచో వైద్యునికి చూపవలెనని చెప్పుదురు. ఆమె చెప్పిన “ఏమీ లేదు”ను తల్లి, “బాధ ఏమీ లేదు” అని పూరించుకొని విన్నది. మేమును అట్లే వింటిమి.

ఆమె మొదట నోరు విప్పినది మా ఎవరి ఎదుటను కాదు. తలనొప్పి, ఒళ్లు బరువు, నిద్రలేమి అని ఒక డాక్టరమ్మ వద్దకు పోయినది. మన దేశమున కుంగుబాటు తరచుగా ఇట్లే శరీరపు వేషము వేసికొని వైద్యుని గడప త్రొక్కును. మందుచీటి వ్రాయబోవుచు ఆ డాక్టరమ్మ ఆగి, నిద్ర లేక ఎంతకాలమైనదని అడిగి, మునుపు ఇష్టమైన పనులు ఇప్పుడును ఇష్టముగా నున్నవా అని అడిగినది. అంతే. ఆ గదిలో అరగంటసేపు మా స్నేహితురాలు చెప్పుచునే యున్నది. చెప్పినది మరాఠీలో.

మరాఠీలోనే ఎందుకని మేమడిగితిమి. “తెలుగుల చెప్తే అమ్మ విన్నట్టే ఉంటది” అన్నది.

ఈ మాటను ఈ సంచికలో వ్రాయవచ్చునా, వ్రాయరాదా అని చాల దినములు తటపటాయించితిమి. తెలుగు సంఘము వెలువరించు సంచిక ఇది. పరాయిగడ్డ మీద మాతృభాషను నిలుపుకొనవలెనని, ఏ భాష నేర్చినను హృదయమున నున్నది తెలుగులోనే పలుకుదుమని, ప్రతి వార్షికోత్సవమునందును మనము చెప్పుకొనుచున్నాము. మేమును వేదికనెక్కి చెప్పినవారమే. మా స్నేహితురాలి అనుభవము దీనికి సరిగా విరుద్ధము. ఆమెకు తెలుగు ఎంత దగ్గరిదనగా, అందులో ఆ మాట చెప్పుటకు చోటు లేదు. ప్రతి మాట వెనుకను తల్లి నిలిచియున్నది. మరాఠీలో చెప్పినచో ఎవరికిని నొప్పి తగులదు.

ఇంటిభాషలో ఆ బాధకు మాట లేకపోలేదు. కుంగుబాటు అనునది పత్రికల మాట. మా ఇండ్లలో ఎవరును ఎరుగరు. దిగులు, బెంగ, గుబులు అను మాటలకు ఏదో ఒక కారణము వెంటనుండవలెను. ఊరు విడిచిన బెంగ, పరీక్ష గుబులు. కారణము లేని దానికి మాట ఏదని పెద్దమ్మను అడుగగా ఆమె తడువుకొనక “మనాది” అన్నది. తాతలు తెలంగాణ నుండి మూటలో కట్టుకొని తెచ్చిన మాట. మనోవ్యాధి అరిగి ఇట్లైనదో, మనసునకు పట్టిన ఆధి ఇట్లైనదో గాని, మా తరము దానిని మరచినది. ఆమె వాడుకలో ఒక విశేషము గమనించితిమి. “మనాది పట్టింది” అన్నచో అది జ్వరము వలె వచ్చి పట్టుకొన్నది. మనిషి తప్పు లేదు. “మనాది పెట్టుకున్నది” అన్నచో తానే కోరి తెచ్చుకొన్నది, తానే వదలుకొనవలెను. ఒకే మాట, క్రియ మారగానే రోగము నేరమగుచున్నది. పెద్దమ్మ ఇరుగుపొరుగు పిల్లలను గూర్చి చెప్పునప్పుడు “పట్టింది” అనెను. తన కోడలిని గూర్చి చెప్పునప్పుడు “పెట్టుకున్నది” అనెను. మేమేమియు అనలేదు.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేక్షణ ప్రకారము, దేశమున ప్రతి 20 మందిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటునకు లోనగుచున్నారు. అట్టివారిలో నూటికి 85 మందికి చికిత్స అందుటలేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము “టెలి మానస్” అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకుండ మాటలాడవచ్చును. తెలుగులోను, మరాఠీలోను కూడ మాటలాడవచ్చును. ఏ భాషలో చెప్పుకొనిన తేలికగా నుండునో చెప్పుకొనువారే ఎంచుకొందురు.

ముగింపు విషయమున మాలో కలహమే జరిగినది. అమ్మాయి చనిపోవలెనని మాలో ఒకడు పట్టుబట్టినాడు. “చావకపోతే ఎవరూ నమ్మరు” అన్నాడు. వాని మాట క్రూరముగా వినబడినను అందులో లోకానుభవమున్నది. కాలు విరిగినవానిని నమ్ముటకు పిండికట్టు చాలును. మనసు విరిగినవానిని నమ్ముటకు మనమడుగు రుజువు శవమా? బ్రదికియున్నంతకాలము సోమరితనమనియు, పొగరనియు, పెండ్లి చేసిన కుదురుననియు అని, పోయిన మరునాడు “అయ్యో, ఒక్కమాట చెప్పకపోయెనే” అందుము. చెప్పినప్పుడు విన్నామా అన్నది వేరు సంగతి. ఆ రుజువును మేము తెరమీద చూపినచో అట్టి రుజువే కావలెనని మేమును ఒప్పుకొన్నట్లగును.

దానికి తోడు ప్రత్యక్షమైన అపాయము కూడ కలదు. జర్మను కవి గేటే 1774లో వ్రాసిన వేర్తరు నవలను చదివి కొందరు యువకులు ఆ నాయకుని దారి పట్టిరని ఐరోపాలో కలవరము పుట్టినది. ఆత్మహత్యల వార్తలు మరికొన్ని ఆత్మహత్యలకు దారితీయుటకు 1974లో ఒక శాస్త్రజ్ఞుడు ఆ నవల పేరే పెట్టినాడు. అందుచేతనే 2019లో భారత ప్రెస్ కౌన్సిలు, ఇట్టి వార్తలను ఎట్లు వ్రాయవలెనో, ఎట్లు వ్రాయరాదో పత్రికలకు సూచనలు చేసినది. దీనికి ప్రతిగా మరియొక పేరు కలదు. మోజార్టు 1791లో కూర్చిన “మాయావేణువు” అను సంగీతనాటకమున పాపగేనో అను పక్షులవేటగాడు ప్రాణము తీసికొనబోగా ముగ్గురు బాలురు వచ్చి, నీ యొద్ద గంటలున్నవి గదా, మ్రోగించి చూడుమని గుర్తుచేయుదురు. కష్టకాలమును దాటి బ్రదికినవారి కథలు వెలువడినచోట ప్రాణములు నిలుచుటకు అవకాశము హెచ్చునని 2010లో ఆస్ట్రియాలో జరిగిన పరిశోధన చెప్పినది. దానికి ఆ పక్షులవేటగాని పేరే పెట్టిరి. ఇదంతయు విని మా మిత్రుడు మెత్తబడినాడు. మా అందరికంటె వానిని ఎక్కువగా మార్చినది మాత్రము పెద్దమ్మ. “నా బిడ్డను చంపితే నేను చెయ్య” అన్నది.

కావున మా చిత్రము ఇట్లు ముగియును. కరెంటు వచ్చును, మగ్గముల హోరు మరల మొదలగును, తలుపవతలి ఏడుపు ఇక వినబడదు. విన్న తల్లి తలుపు తట్టదు, ఏమైనదని అడుగదు. చేట తెచ్చుకొని ఆ తలుపు ప్రక్కనే గోడకు చేరగిలబడి కూర్చుండి బీడీలు చుట్టుచుండును. చాలసేపటికి తలుపు తెరచుకొనును. తల్లి కొంచెము జరిగి చోటిచ్చును. కూతురు ప్రక్కన కూర్చుండును. అంతే. తల్లి అడుగవలసినదని మాలో ఒకరి అభిప్రాయము. అడిగినంతమాత్రమున చావు తలంపు కొత్తగా పుట్టదని, అడుగుటయే మేలని వైద్యులు చెప్పుచున్నారని ఆమె వాదన. వాదన సరియైనదే. పెద్దమ్మకు ఆ ప్రశ్న నోటికి రాలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి, “ఇట్ల కూసుంట, సాలు” అన్నది. ఆమె కూర్చున్న తీరును చూచి మేమును ఊరకుంటిమి.

మన సంఘము హాలులో చిత్రమును ప్రదర్శించినప్పుడు సుమారు నూరుగురు వచ్చిరి. ముగిసిన వెంటనే ఒక పెద్దమనిషి లేచి, “అంతా బాగనే ఉన్నది గాని, ఇందుల జబ్బెక్కడున్నది?” అని అడిగినారు. కొందరు నవ్విరి. మేమును నవ్వితిమి.

మూడవ వరుసలో మా స్నేహితురాలి తల్లి కూర్చుండియున్నది. కూతురు మ్రింగుచున్న మాత్రలు తలనొప్పికని ఆమెకు తెలిసినంతవరకు తెలుసు. అమ్మకు చెప్పరాదని స్నేహితురాలు మా చేత మాట తీసికొన్నది. ఈ వ్యాసమును ఆమెకు చదివి వినిపించినప్పుడు ఈ భాగమున ఆగి, తీసివేయుదుమా అని అడిగితిమి. “ఉండనియ్యండి. అమ్మకు తెలుగు చదవరాదు గదా” అని నవ్వి, కొంచెమాగి, “ఎవరన్న చదివి వినిపిస్తే వినిపించనీ” అన్నది.

ఆ దినమున అందరును వెళ్లిపోవుచుండగా ఆ తల్లి మా యొద్దకు వచ్చినది. చిత్రము బాగున్నదనలేదు, బాగులేదనలేదు. మా ముఖములను ఒక్కొక్కటిగా చూచి, “ఇప్పుడు ఆ పిల్ల ఎట్లున్నది?” అని అడిగినది. ఏ పిల్లను గూర్చి అడుగుచున్నదో మాకు తెలియలేదు. ఐదుగురమును ఒకరివంక ఒకరము చూచుకొంటిమి. “బాగనే ఉన్నదమ్మా, ఏం లేదు” అని మాలో ఎవరో అనిరి. ఆమె తల ఊపి, చెప్పులు తొడుగుకొని, కూతురు నిలిచియున్న గేటు వైపు నడిచినది.